బ్రేకు గొట్టంలో బోల్టు

కలకత్తాకు నది అవతల హౌరాలో, షాలిమార్ గూడ్సు యార్డు గోడ వెంబడి, బొగ్గు గుట్టలు దాటి నడిస్తే ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని ముందు ఎప్పుడూ ఒకటో రెండో లారీలు బానెట్టు తెరుచుకుని నిలబడి ఉండేవి. ఆ షెడ్డు యేసురత్నానిది. అతనిది భీమునిపట్నం దగ్గర. యుద్ధం రోజుల్లో పంతొమ్మిదేళ్ళ వయసులో కలకత్తా వచ్చి మిలిటరీ బళ్ళ డిపోలో నూనెగుడ్డలు ఉతికే పనిలో చేరాడు. యుద్ధం ముగిసేసరికి ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించగల మేస్త్రీ అయ్యాడు. సైన్యాలు వెళ్ళిపోతూ వేలం వేసిన పాత పెట్రోలు లారీలు ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు కలకత్తా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. వాటి జబ్బులు యేసురత్నానికి తెలిసినంతగా హౌరాలో ఇంకెవరికీ తెలియవని డ్రైవర్లు చెప్పుకునేవారు. అది అతని చెవిన పడేది. పడినప్పుడు తల వంచుకుని పని చేసుకునేవాడు గాని, లోపల ఆ మాట తియ్యగానే ఉండేది.

భార్య దెబోరా, తొమ్మిదేళ్ళ కూతురు విజయ కుమారి. యార్డు వెనక వరసిళ్ళలో ఒక గది. ఆదివారం పూట తెలుగు గుడిలో ఆరాధన. అతని బతుకంతా ఆ మూడు చోట్ల మధ్యే సాగేది.

పంతొమ్మిదివందల అరవైమూడు ఫిబ్రవరిలో సూరన్న తన లారీని ఆ షెడ్డుకు తోలుకొచ్చాడు. సూరన్న టెక్కలి వైపు మనిషి. మృత్యుంజయ ఘోష్ అనే బెంగాలీ ఆయన దగ్గర పదకొండేళ్ళుగా అదే లారీ నడుపుతున్నాడు. ఘోష్‌బాబుకు ఉన్నది ఆ ఒక్క లారీయే.

"అన్నా, బండికేటో అయినాది," అన్నాడు సూరన్న దిగుతూనే. "నిలబెడితే జొరమొచ్చినోడిలా ఒణికిపోతంది. వంతెనెక్కమంటే ఏడుస్తంది. బరువుతో ఉంటే ఎడ్లబండి కూడా దాటెల్లిపోతంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"దుర్గపూజలెల్లిన కాణ్ణించి. నా మోకాలు నొప్పి కూడా అప్పుట్నించే. నానూ అదీ ఒక్కసారే ముసిలోళ్ళమైపోతన్నాం."

యేసురత్నం నవ్వాడు. మోకాలి మాట వినీ విననట్టు వదిలేశాడు.

ఇంజను నడుస్తూ ఉండగా లారీ వెనక్కి వెళ్ళి పొగ గొట్టం మూతి దగ్గర చిత్తుకాగితం ముక్క పట్టుకున్నాడు. పొగ కాగితాన్ని బయటికి తోస్తోంది. మధ్యమధ్య మాత్రం ఒక్క లిప్తకాలం అది లోపలికి లాక్కుపోతోంది. పోయే పొగ పోకుండా వెనక్కి పీల్చుకుంటోందంటే, ఏదో ఒక సిలిండరులో వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నమాట. ముందుకొచ్చి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఆరింటిలో ఏ వైరు లాగినా ఇంజను ఇంకా కుంటింది. అయిదోది లాగితే మాత్రం ఏ తేడా లేదు. ఆ సిలిండరు ముందునుంచే పని చేయడం లేదు. ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజను తిప్పించాడు. మిగతావాటి దగ్గర వేలిని విసిరికొట్టే గాలి అక్కడ పసివాడి ఊపిరిలా తగిలింది. చెంచాడు నూనె పోసి మళ్ళీ చూశాడు. పిస్టను రింగుల లోపమైతే నూనె పోస్తే కాస్త బిగుస్తుంది. బిగుసుకోలేదు.

"వాల్వు కాలిపోయింది," అన్నాడు. "హెడ్డు దింపాలి."

హెడ్డు దించితే అతను చెప్పినట్టే అయిదో వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. పాత సామాన్ల బజారులో అలాంటిదే మరో వాల్వు వెతికి తెచ్చి, పేస్టు రాసి, రెండు రోజులు కూర్చుని గూటిలో రుద్దాడు. మళ్ళీ బిగించి లారీని రోడ్డెక్కిస్తే బలం వచ్చింది. సూరన్న ఖాళీ బండిని వంతెన మీదికి ఉరికించి తీసుకొచ్చాడు.

కాని నిలబెట్టినప్పుడు వణుకు పోలేదు. తగ్గిందిగాని, పోలేదు.

అక్కణ్ణుంచి వారం రోజులు యేసురత్నానికి నిద్ర సరిగా పట్టలేదు. కార్బురేటరు విప్పి కడిగాడు. పాయింట్లు సానపట్టాడు. టైమింగు చూశాడు. గాలి దొంగతనంగా దూరే చోటు ఎక్కడైనా ఉందేమోనని ఇంజను అతుకులన్నిటి మీదా నూనె చుక్కలు వేసి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. ఘోష్‌బాబు రోజూ వచ్చి, ఉబ్బసంతో ఎగరొప్పుతూ పీపా మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఆ అడగకపోవడమే యేసురత్నానికి కష్టంగా ఉండేది.

ఎనిమిదో రోజు పొద్దున, కింద పడిన పానా అందుకోవడానికి బానెట్టులోకి వంగాడు. అతని మోచెయ్యి ఒక లావుపాటి రబ్బరు గొట్టం మీద ఆనింది. ఇంజను వణుకు ఆగిపోయింది. చెయ్యి తీశాడు. మళ్ళీ వణికింది. గొట్టాన్ని రెండు చేతులా పిసికి పట్టుకున్నాడు. ఇంజను నీళ్ళు పోసినట్టు సాఫీగా నడిచింది.

ఆ గొట్టం ఇంజను గాలి పీల్చుకునే చోట మొదలై, లారీ అడుగున ఉన్న బ్రేకు బూస్టరుకు పోతుంది. ఇంజను పీల్చే బలాన్ని పట్టుకుని, డ్రైవరు కాలు నొక్కిన దానికి నాలుగింతలు చేసి చక్రాలకు అందించే డబ్బా అది. యేసురత్నం కిందికి దూరి చూశాడు. పెడలు నొక్కిస్తే డబ్బాలోంచి బుసబుసమని చప్పుడు. లోపలి రబ్బరు పొర చిరిగిపోయింది. అక్కణ్ణించి బయటి గాలి దూరి ఇంజన్లోకి పోతోంది. వణుకు అందుకే.

కింద పడుకుని ఉండగానే అతనికి సూరన్న మోకాలు గుర్తొచ్చింది. నాలుగు నెలలుగా బ్రేకు కొంచెం కొంచెం చచ్చిపోతోంది. సూరన్న కాలు తెలియకుండానే దానికి అలవాటు పడి, రోజురోజుకూ గట్టిగా తొక్కుతోంది. ముసలితనం కాదది.

బయటికొచ్చి, బజారు దాకా వెళ్ళి అడిగొచ్చి, ఘోష్‌బాబుకు అంతా చెప్పాడు. వాళ్ళిద్దరూ బెంగాలీలోనే మాట్లాడుకునేవారు.

"కొత్త పొర కావాలి బాబూ. బజారులో అడిగాను, దుకాణదారు నాలుగైదు రోజుల్లో తెప్పిస్తానంటున్నాడు. అందాకా బండి కదపకూడదు."

ఘోష్‌బాబు చాలాసేపు యార్డు వైపు చూశాడు. సిమెంటు బస్తాల వాగను ఒకటి అతని పేరున అక్కడ నిలిచి ఉంది. భవానీపూర్‌లో కడుతున్న ఒక పెద్ద ఇంటికి ఆ సరుకు చేరాలి. చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఒకసారి పోతే మళ్ళీ రాదు.

"గొట్టం మూసేస్తే?" అన్నాడు చివరికి.

"ఇంజను బాగుంటుంది. బ్రేకుకు మాత్రం ఏ సాయమూ ఉండదు. అంతా కాలి బలమే."

"పడుతుందా, పడదా? ఆ ఒక్క ముక్క చెప్పు మిస్త్రీ."

"ఖాళీ బండైతే పడుతుంది. సగం బరువుతో చూసుకుని నడపొచ్చు. నిండా వేస్తే ఆగదు."

"సగమే వేద్దాం. మూడు రోజులు. ఆ తర్వాత నువ్వు చెప్పినన్నాళ్ళు నిలబెట్టేస్తాను."

కాదనగలిగేవాడే. తర్వాత చాలా ఏళ్ళు యేసురత్నం ఆ నిమిషాన్నే తిప్పి తిప్పి చూసుకునేవాడు. ఘోష్‌బాబు బలవంతపెట్టలేదు, బెదిరించలేదు. నిజం చెప్పాలంటే, ఎనిమిది రోజులు తనను ఓడించిన ఇంజను చక్కగా నడుస్తుంటే వినాలని అతనికే ఉంది. గొట్టం ఊడదీసి, దాని మూతిలో లావుపాటి బోల్టు ఒకటి దూర్చి, పైన తీగతో బిగించాడు. సూరన్న స్టార్టు చేశాడు. ఇంజను కుట్టుమిషను మాదిరి నడిచింది. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు వచ్చి విని వెళ్ళారు. సూరన్న బానెట్టు మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టి, నీళ్ళు కదలడం లేదని అందరికీ చూపించాడు.

వెళ్ళబోతుంటే యేసురత్నం తలుపు పట్టుకుని ఆపాడు.

"సూరన్నా, ఇను. పెడలు రాయిలా ఉంటాది. సగం కన్నా ఒక్క బస్తా ఎక్కువెయ్యకు. దిగుడు దగ్గర గేరు మార్చు. బ్రేకుని నమ్ముకోకు."

"ఇన్నానన్నా. నా కాలు తెల్దా నీకు?" అని తొడ చరుచుకుని సూరన్న నవ్వాడు.

మొదటి రోజు రెండు ట్రిప్పులు బాగానే వెళ్ళొచ్చాయి. రెండో రోజు మధ్యాహ్నం, వాగను సాయంత్రానికల్లా ఖాళీ కావాలని యార్డు గుమాస్తా కేకలు పెట్టడంతో, మిగిలిన బస్తాలన్నీ లారీ మీదికి ఎక్కాయి. సూరన్న ఒకసారి కింద నిలబడి బస్తాల వరసలు చూశాడట. తర్వాత ఎక్కి కూర్చున్నాడట. ఈ సంగతి యేసురత్నానికి కూలీలు తర్వాత చెప్పారు.

హౌరా వంతెన దాటి కలకత్తా వైపు దిగేచోట ట్రాములు, బస్సులు, మనుషులు లాగే తోపుడు బళ్ళు అన్నీ ఒకేచోట కలుస్తాయి. అక్కడ లారీ ఆగలేదు. సూరన్న రెండు కాళ్ళతోనూ పెడలు మీద నిలబడ్డాడు. గేరు దింపాడు గాని అప్పటికే వేగం ఎక్కువైంది. ముందు ట్రాము నిండా మనుషులు ఉన్నారు. అతను బండిని పక్కకు తిప్పాడు. పక్కన ఇనపకడ్డీల తోపుడు బండి ఉంది. దాన్ని ముందునుంచి లాగుతున్న మనిషికి పక్కకు తప్పుకునే వీలు లేదు. నడుముకు తాడు కట్టి ఉంది.

కబురందుకుని యేసురత్నం పరిగెత్తుకొచ్చేసరికి లారీ ముక్కు ఒక పళ్ళ దుకాణంలోకి దూరి ఉంది. బస్తాలు పగిలి అంతా సిమెంటే. రోడ్డు, పళ్ళు, మనుషుల తలలు, అన్నీ బూడిదరంగు. ఎవరో బిందెలతో నీళ్ళు పోశారు. ఆ నీళ్ళకు సిమెంటు అప్పుడే గట్టిపడుతోంది. చనిపోయిన మనిషిని ఒక గోనెపట్టా మీద పడుకోబెట్టారు. అతని కనురెప్పల మీద కూడా సిమెంటు పేరుకుని ఉంది. పేరు జగదేవ్ అని, బీహారు మనిషి అని పక్కవాళ్ళు చెప్పారు. సూరన్నను జనం కొడుతుంటే పోలీసులు లాక్కుని తీసుకెళ్ళిపోయారట. యేసురత్నం లారీ దగ్గరికి వెళ్ళలేదు. బానెట్టు నలిగి తెరుచుకుని ఉంది. దూరం నుంచే అతనికి రబ్బరు గొట్టం, దాని చివర బోల్టు తల కనపడ్డాయి.

ఆ సాయంత్రం దెబోరాకు మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. ఆమె అన్నం వడ్డించి, అతను తినకపోతే మూత పెట్టేసింది.

రెండు రోజుల తర్వాత మోటారు ఇన్‌స్పెక్టరు ఒకాయన పోలీసు ఠాణా ఆవరణలో లారీని పరీక్ష చేశాడు. రేడియేటరు పగిలి ఉంది కాబట్టి ఇంజను స్టార్టు చేయలేదు, గొట్టాల జోలికి పోలేదు. పెడలు నొక్కి చూశాడు, గట్టిగానే ఉంది. బ్రేకు నూనె ఉంది. బ్రేకులు సవ్యంగా ఉన్నాయని రాసి సంతకం పెట్టాడు. ఇంకేముంది? బ్రేకులు బాగున్న బండితో మనిషిని చంపాడంటే డ్రైవరు తాగి ఉండాలి, లేదా ఒళ్ళు తెలియకుండా నడిపి ఉండాలి. సూరన్న మీద కేసు అలాగే రాశారు.

ఘోష్‌బాబు షెడ్డుకు వచ్చాడు. మనిషి వారంలోనే సగమయ్యాడు.

"సూరన్న నోరెత్తడు. నీ పేరు, నా పేరు చెప్పనన్నాడు. వాడి ఇంటిని నేను చూసుకుంటాను. నువ్వు కూడా ఊరుకో మిస్త్రీ. ముగ్గురం మునిగితే ఎవరికి లాభం?"

యేసురత్నం ఊరుకున్నాడు. మూడు వారాలు ఊరుకున్నాడు. మూడో వారం చివరి ఆదివారం, గుడికని బయల్దేరినవాడు గుడికి పోకుండా వంతెన దాటి పోస్తా బజారు వెళ్ళాడు. తోపుడు బళ్ళవాళ్ళు ఒక గోదాము వసారాలో ఉంటారు. జగదేవ్ తమ్ముడు అక్కడే ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. అన్న బండినే ఇప్పుడు తను లాగుతున్నాడు. ఎవరని అడిగితే యేసురత్నం, ఆ రోజు అక్కడ ఉన్నానని మాత్రమే చెప్పగలిగాడు.

"ఆ డ్రైవరు తాగున్నాడట కదా బాబూ," అన్నాడు ఆ కుర్రవాడు హిందీలో. "ఊళ్ళో మా అమ్మకు అలాగే రాయించాను. తాగుబోతు చంపేశాడని. ఎవరు చంపారో తెలిస్తే ఆవిడ తిట్టుకుంటుంది కదా. తిట్టుకోవడానికైనా ఒకడు ఉండాలి."

యేసురత్నం అక్కణ్ణించి నేరుగా భవానీపూర్ వెళ్ళాడు. అక్కడ సోమయాజులుగారని తెలుగు వకీలు ఒకాయన ఉండేవాడు. తెలుగు సంఘం వాళ్ళు అడిగితే సూరన్న కేసు ఊరికే చూస్తున్నాడు. ఆయన మెట్ల మీద నిలబడే మొత్తం విన్నాడు.

"నీకు అర్థమైందా, నువ్వేం అడుగుతున్నావో?" అన్నాడు. "సాక్షిగా బోనెక్కితే ముద్దాయిగా దిగుతావు. నేను సూరన్న వకీలును. నీకు మేలు చేయలేను."

"నాకు అక్కర్లేదండి. అతను తాగలేదని తెలియాలి."

"ఒకటి చెప్పు. సూరన్నకు ఆ సంగతి తెలుసా? తెలిసి నిండా బరువు వేసుకుని నడిపాడంటే అతనికీ తప్పదు."

యేసురత్నం చూపు మెట్ల మీదికి దించాడు. సోమయాజులు అతని మొహంలోకి ఒక నిమిషం చూసి, "సరే, నేను అడగనట్టే అనుకో. కాని అవతలి వకీలు అడుగుతాడు," అన్నాడు.

కోర్టులో దెబోరా వెనక బల్ల మీద కూర్చుంది. బైబిలు మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారు. యేసురత్నం నింపాదిగా చెప్పాడు. ఇంజను ఎందుకు వణికిందో, వాల్వు ఎలా కాలిందో, గొట్టం దేనికో, బోల్టు ఎందుకు పెట్టాడో. పెడలు నొక్కితే గట్టిగా ఉందని ఇన్‌స్పెక్టరు రాశాడే, ఆ గట్టిదనమే జబ్బు అని చెప్పాడు. మేజిస్ట్రేటు రెండుసార్లు ఆపి, మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత లారీని ఇంకోసారి పరీక్ష చేయించారు. బోల్టు అక్కడే ఉంది. మరుసటి వాయిదాకు యేసురత్నాన్ని మళ్ళీ బోనెక్కించారు.

"ఈ సంగతి యజమానికి చెప్పావా?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"చెప్పాను."

ఘోష్‌బాబు తనకు యంత్రాల సంగతి తెలియదని, బాగైందని మిస్త్రీ చెబితే నమ్మానని అంతకుముందే చెప్పి ఉన్నాడు. కాగితం మీద ఏదీ లేదు.

"డ్రైవరుకు చెప్పావా?"

సూరన్న ముద్దాయి బోనులో ఉన్నాడు. నెల రోజుల గడ్డం. తల ఎత్తి చూశాడు. యేసురత్నం అటు చూడలేదు. కిటికీ బయట ఎవరో పావురాలకు గింజలు వేస్తున్నారు. అటు చూశాడు.

"లేదు. ఇంజను బాగైందని మాత్రమే చెప్పాను. బ్రేకు సంగతి చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నడపడని."

కోర్టులో ఎవరో ఛీ అన్నారు. దెబోరా తల మీది ముసుగు ముందుకు లాక్కుంది.

సూరన్నను విడిచిపెట్టారు. యేసురత్నం మీద వేరే కేసు పెట్టారు. అతను తప్పు ఒప్పుకున్నాడు. తెలిసి బ్రేకు చెడగొట్టి, నడిపేవాడికి చెప్పకుండా దాచాడు కాబట్టి శిక్ష గట్టిగానే ఉండాలని మేజిస్ట్రేటు పద్నాలుగు నెలలు వేశాడు. ఘోష్‌బాబుకు ఏమీ కాలేదు. అతను లారీని తుక్కుకు అమ్మేసి, ఏడాది తిరక్కుండానే ఉబ్బసంతో పోయాడు.

జైలుకు మొదటిసారి చూడ్డానికొచ్చినప్పుడు దెబోరా కటకటాల అవతల ముసుగు సర్దుకుంటూ నిలబడింది.

"వాక్యం మీద సెయ్యేసి," అంది చివరికి.

"అవును."

"మరేటి సేద్దామండీ?"

"నువ్వేటీ సెయ్యకు. ఆ పాపం నాది."

ఆమె షెడ్డులోని పనిముట్లు అమ్మేసింది. ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఆయాగా చేరింది. విజయ కుమారి బడిలో బెంగాలీ చదివేది. తెలుగు అక్షరాలు సరిగా రావు. అయినా తండ్రి బెంగాలీ చదవలేడని, అమ్మ బైబిల్లోంచి చూపించిన అక్షరాలు కూడబలుక్కుని నెలకొక కార్డు రాసేది. మొదటి కార్డులో 'నాన్న' అనే మాట కూడా తప్పే. యేసురత్నం ఆ కార్డులు దాచుకోలేదు. జైల్లో దాచుకునే చోటు లేదు. చదివి చదివి చిరిగిపోయేవి.

బయటికొచ్చాక షాలిమార్‌లో పని ఎవరూ ఇవ్వలేదు. దెబోరా అన్న మరియదాసు హౌరా పక్కన లిలువాలో రైల్వే ఫిట్టరు. తన క్వార్టర్సు వెనక గది ఇచ్చి, బయట ఒక చిన్న లేతు షాపులో చెల్లెలి భర్తకు పని చూశాడు. యేసురత్నం ఆ తర్వాత ఏ బండి బానెట్టూ ఎత్తలేదు. ఇనప ముక్కలు కొలిచి, కోసి, నున్నగా చేసేవాడు. అంతే. గుడికి వెళ్ళేవాడు గాని, ప్రభువు బల్ల రోజున, రొట్టే ద్రాక్షరసమూ పంచే వేళకు వెనక వరసలోంచి లేచి బయటికొచ్చి నిలబడేవాడు. పాస్టరుగారు రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. జైలుకెళ్ళొచ్చిన సిగ్గనుకున్నారు.

సూరన్న ఒక్కసారి కూడా రాలేదు. జైలుకూ రాలేదు, లిలువాకూ రాలేదు. విడుదలైన నెలలోనే భార్యను తీసుకుని ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడని తెలిసింది. యేసురత్నం అతని గురించి ఎవరినీ అడిగేవాడు కాదు. దెబోరా మాత్రం మనసులో ఉంచుకుంది. "ఒక్కపాలి రాకూడదా ఆ మనిషి," అని ఒకటి రెండుసార్లు అంది.

పంతొమ్మిదివందల డెబ్బైరెండులో, వానలు వెనకబట్టాక, ఒక మధ్యాహ్నం లేతు షాపు ముందు ఒకావిడ వచ్చి నిలబడింది. తెల్లచీర. యేసురత్నం గుర్తుపట్టలేదు.

"అన్నియ్యా, నాను సూరన్న పెళ్ళాన్ని. అప్పలనర్సమ్మని."

అతను లేతు ఆపి, చేతులు తుడుచుకుని, స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఆషాడంలో పోయినాడు. పచ్చకామిల్లు. నీకు సెప్పమన్నాడు. నువ్వు ఆయనకి సెప్పినావంట కదా. పెడలు రాయిలా ఉంటాది, బరువెయ్యొద్దని. ఇన్నాను, ఇనీ ఏసినాను అని సెప్పినాడు. సచ్చిపోయే ముందు సెప్పినాడు నాకు. తొమ్మిదేళ్ళు పక్కన పడుకున్నాడు, అప్పటి దాకా సెప్పలేదు."

యేసురత్నం చేతిలోని నూనెగుడ్డను మడతపెట్టాడు.

"మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదన్నియ్యా. బొగ్గు మోసినాడు. తాగడం అప్పుడే మొదలెట్టినాడు. అంతకు ముందు తాగినాడా? నీకు తెల్దా?"

"తాగలేదమ్మా. తెలుసు."

"ఒకమాటు నీ కాడికొద్దారని హౌరా దాకా వచ్చి, టేసన్లో కూకుని మళ్ళీ వచ్చేసినాడంట. ఏ ముకం ఎట్టుకుని ఎల్తాననుకున్నాడో." ఆమె గొంతు మారింది. "నిన్నడిగినాడా అన్నియ్యా, అబద్దమాడమని?"

"లేదు."

"మరెందుకాడినావు? ఆర్నెల్లో ఏడాదో ఏసీవోరు. అనుబవించి వచ్చీవోడు. అయిపోయీది. నువ్వు మంచే సేసినావు, కాదన్లేను. కాని ఆ మంచిని మొయ్యలేకపోయినాడు."

కోపంగా అనలేదు. బస్తా దింపుకున్నట్టు అనేసి, అప్పుడు స్టూలు మీద కూర్చుంది. యేసురత్నం పక్క దుకాణంలోంచి టీ తెచ్చిచ్చాడు. ఆమె తాగింది. సాయంత్రం బండికి వెళ్ళాలంటే స్టేషను దాకా తోడెళ్ళాడు. రైలెక్కాక ఆమె కిటికీలోంచి, "వొదిన్ని అడిగినానని సెప్పు," అంది.

ఇంటికొచ్చి దెబోరాకు అంతా చెప్పాడు. దెబోరా పొయ్యి దగ్గర కూర్చుని విని, "నిజమే అన్నాదావిడ," అంది. పొయ్యి మీది గిన్నె దించి, "ఆ సచ్చిపోయినోడి తమ్ముడికైనా ఉన్నదున్నట్టు సెప్పొచ్చు కదండీ," అంది.

మర్నాడు యేసురత్నం సెలవడిగి పోస్తా బజారు వెళ్ళాడు. గోదాము ఉంది గాని వసారాకు ఇనప తలుపులు పెట్టేశారు. లోపల మసాలా దినుసుల వ్యాపారం సాగుతోంది. వీధి చివర తోపుడు బళ్ళ దగ్గర కూర్చున్న వాళ్ళను అడిగాడు. జగదేవ్ అనే ఆయన, వంతెన దగ్గర లారీ కింద పడి పోయాడు, అరవైమూడులో. అతని తమ్ముడు కావాలి. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ జిల్లా అని అడిగారు. యేసురత్నానికి తెలియదు. అందరిలోకీ పెద్దవాడు ఒకడు, లారీ కింద పడి పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు బాబూ, ఎవరని చెప్పేది అన్నాడు.

చీకటి పడేవేళకు ఇంటికి చేరాడు. దెబోరా కంచం పెట్టింది.

"కనపడినాడా?"

"లేదు," అని చేతులు కడుక్కుని కూర్చున్నాడు.